బోర్డు మీద లేని పేరు

జూకి వెళ్లినవాళ్లందరూ చూసే ఉంటారు. ప్రతి బోను ముందూ ఒక బోర్డు ఉంటుంది. జంతువు పేరు తెలుగులో రాస్తారు, ఇంగ్లీషులో రాస్తారు, ఎవరికీ నోరు తిరగని శాస్త్రీయ నామం కూడా రాస్తారు. అది ఏం తింటుందో, ఎన్నేళ్లు బతుకుతుందో, ఏ దేశపుదో రాస్తారు. దత్తత పేరుతో దాని తిండి ఖర్చు భరించిన కంపెనీ ఉంటే ఆ కంపెనీ పేరూ రాస్తారు. ఆ జంతువుకి ఇరవై ముప్పై ఏళ్లుగా తిండి పెట్టి, పెంట ఎత్తి, జబ్బు కనిపెట్టి బతికిస్తున్న మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

గిరిజన రచయితల పుస్తకంలో జూ ముచ్చట ఏమిటని మీరు అడగొచ్చు. పైగా విజయవాడలో పెద్ద జూ లేదు. మన పిల్లలు పులిని చూడాలంటే విహారయాత్ర బస్సెక్కి హైదరాబాదుకో, విశాఖకో, తిరుపతికో పోవాల్సిందే. హైదరాబాదు నెహ్రూ జూ 1963లో తెరిచారు. విశాఖ ఇందిరాగాంధీ జూ 1977లో, తిరుపతి వెంకటేశ్వర జూ 1987లో వచ్చాయి. మూడూ మనకి దూరమే. అయినా జూ కీపరు గురించి రాస్తున్నాను. ఎందుకంటే నేను కృష్ణా డెల్టా యానాదిని. మా వాళ్లు తరతరాలుగా ఎలుకలు పట్టారు, పాములు పట్టారు, మడ అడవుల్లో చేపలూ పీతలూ పట్టారు. జంతువు గురించి తెలిసిన మనిషికి ఈ సమాజం ఏ పీట వేస్తుందో మాకు బాగా తెలుసు. నా వాదన ఒక్కటే. పుస్తకంలో చదివి జంతువుని తెలుసుకుంటే దాన్ని చదువు అంటున్నారు. చేత్తో తాకి, కంటితో కనిపెట్టి తెలుసుకుంటే దాన్ని కూలి పని అంటున్నారు. ఆ ఒక్క మాటతో జీతం పోతోంది, పదవి పోతోంది, కొన్నిసార్లు ప్రాణమే పోతోంది. కీపరు బతుకులో అది తేటగా కనిపిస్తుంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

కీపరు పని పొద్దున్నే మొదలవుతుంది. గేటు దగ్గర టిక్కెట్లు అమ్మకముందే అతను రాత్రి గదుల దగ్గరికి వెళ్తాడు. చీపురు పట్టుకునే ముందు అతను చేసే పని ఒకటుంది. ఊరికే నిలబడి చూస్తాడు. జంతువులన్నీ ఉన్నాయా? లేచి నిలబడ్డాయా? రాత్రి పెట్టిన మాంసం మిగిలిందా? పెంట గట్టిగా ఉందా, పలచగా ఉందా, రంగు మారిందా? నడకలో కుంటు ఉందా? రోజూ తన అడుగుల చప్పుడు వినగానే దగ్గరికొచ్చే ఆడపులి ఇవాళ మూల నుంచి కదల్లేదెందుకు? ఈ చూపుకి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ రెండు మూడు నిమిషాల వెనక ఇరవై ఏళ్లు ఉంటాయి.

తర్వాత తలుపుల పని. జంతువుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మళ్లించాలి, మధ్య తలుపు దించాలి, గొళ్లెం పెట్టాలి, తాళం వేయాలి, వేసిన తాళాన్ని లాగి చూడాలి. అప్పుడుగానీ ఖాళీ అయిన గదిలోకి కాలు పెట్టకూడదు. కడగాలి, సున్నం చల్లాలి, తొట్టి నీళ్లు మార్చాలి. కోతులకి పళ్లు కోయాలి, దుప్పులకి గడ్డి వేయాలి, పులులకీ సింహాలకీ మాంసం తూకం వేసి పెట్టాలి. వాటికి వారంలో ఒకరోజు పస్తు పెడతారు. ఆ రోజు వాటి చిరాకు ఎలా ఉంటుందో కీపరుకే తెలుసు. మన రోహిణి కార్తె ఎండల్లో గోనెపట్టాలు తడిపి కట్టాలి, పైపులతో నీళ్లు చల్లాలి, పుచ్చకాయలు పెట్టాలి. తల్లి వదిలేసిన కూన ఉంటే రాత్రంతా మేలుకుని గంటలు లెక్కపెట్టి సీసాతో పాలు పట్టాలి. పగలంతా రాళ్లు విసిరేవాళ్లని, చిప్స్ పొట్లాలు విసిరేవాళ్లని, సెల్ఫీ కోసం గోడెక్కేవాళ్లని బతిమాలుకోవాలి. ఈ దేశపు జూ నిబంధనల ప్రకారం ప్రతి జూ వారానికి ఒకరోజు సందర్శకులకి మూసి ఉండాలి. మనకి సెలవు అన్నమాట. లోపలున్న జంతువు సోమవారమైనా తింటుంది, విసర్జిస్తుంది, జబ్బు పడుతుంది. ఎవరో ఒక కీపరు ఆ రోజూ రావాల్సిందే.

ఇదంతా తెలివి లేని పనేనా? 2021 మే నెలలో హైదరాబాదు జూలో 8 సింహాలకి కరోనా సోకిందని సీసీఎంబీ పరీక్షల్లో తేలింది. మన దేశంలో జూ జంతువులకి ఆ జబ్బు తేలడం అదే మొదలు. దేశమంతా వార్త అయింది. పరీక్ష చేసినవాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ సింహం దానంతట అది ఆసుపత్రికి నడిచి వెళ్లి నాకు దగ్గొస్తోంది అని చెప్పదు. తిండి తగ్గింది, ముక్కు కారుతోంది, దగ్గుతోంది అని పట్టుకోవాలంటే, నిన్న అది ఎలా ఉందో తెలిసిన మనిషి ఒకడు ఉండాలి. డాక్టరుకి కబురు అందేది ఆ మనిషి కంటి నుంచే. మైక్రోస్కోపు పని మొదలయ్యేది ఆ తర్వాతే.

2023 నవంబరులో విశాఖ జూలో ఇంకో సంగతి జరిగింది. బోను శుభ్రం చేసే పనిలో ఉన్న ఒక కుర్ర కీపరుని హిమాలయ నల్ల ఎలుగుబంటి చంపేసింది. ఎలుగుబంటి క్రూరమైందని పేపర్లు రాశాయి. ఎలుగుబంటి ఎలుగుబంటిలాగే ఉంటుంది, దాన్ని తిట్టి లాభం లేదు. మనం అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ప్రమాదకరమైన జంతువు బోనులోకి వెళ్లే ప్రతి మనిషి పక్కనా తలుపు చూసుకునే రెండో మనిషి ఉంటున్నాడా? ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు కొత్తవాడికి ఎన్ని నెలలు పని నేర్పుతున్నాడు? ఆ నేర్పడానికి పెద్ద కీపరుకి హోదా ఉందా, జీతం ఉందా? ఈ ప్రశ్నలు ప్రతి జూకీ వర్తిస్తాయి. తెలివి లేని పని అనుకున్న చోట శిక్షణ అవసరమని ఎవరికీ తోచదు. తాళం గురించీ జంతువు గురించీ పెద్దవాడికి తెలిసింది చిన్నవాడికి అందకపోతే దాని ఖరీదు ఒక ప్రాణం.

సర్కారు పనులని నైపుణ్యం ఉన్నవి, సగం ఉన్నవి, లేనివి అని విడగొట్టి కూలి కడతారు. పెంట ఎత్తే చేతులు ఎప్పుడూ అడుగు వరసలోనే పడతాయి. క్యూరేటరు కుర్చీలో అటవీ శాఖ అధికారి వస్తాడు, రెండు మూడేళ్లకి బదిలీ మీద పోతాడు. కొత్తాయన వస్తాడు. ఏ పులికి ఏ పన్ను విరిగిందో, ఏ ఏనుగు ఎవర్ని రానివ్వదో ఆ కొత్తాయనకి చెప్పేది కీపరే. అధికారులు మారతారు, కీపరు ఉంటాడు. కానీ ఉన్నచోటే ఉంటాడు. దినకూలీగా చేరి, కాంట్రాక్టు మనిషై, పొరుగు సేవల మనిషై, పేర్లు మారతాయి తప్ప మెట్టు మారదు.

కోర్టులు ఏమన్నాయో మన యువకులు తెలుసుకోవాలి. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, పద్ధతి ప్రకారం నియామకం కాని తాత్కాలిక ఉద్యోగులు పర్మినెంటు చేయమని హక్కుగా అడగలేరని చెప్పింది. ఆ తీర్పుని ప్రతి ఆఫీసూ గోడకి తగిలించుకుంది. మీ పని శాశ్వతం, మీ ఉద్యోగం తాత్కాలికం అని చెప్పడానికి దాన్నే చూపించారు. 2024 డిసెంబరులో జగ్గో కేసులో అదే సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఏళ్ల తరబడి అవసరమైన పని చేయించుకుంటూ తాత్కాలికం అనే ముద్ర వేయడం తప్పు, ఉమాదేవి తీర్పుని అలా వాడుకోకూడదు అంది. ఆ కేసు వేసింది ఎవరనుకున్నారు? కేంద్ర జల సంఘంలో ఊడ్చే పని, తోట పని చేసినవాళ్లు. ఈ రెండో తీర్పుని ఏ ఆఫీసూ గోడకి తగిలించదు. మనమే తగిలించాలి.

జూ కీపర్లంతా గిరిజనులని నేననడం లేదు. అన్ని కులాల పేదలూ ఆ పనిలో ఉన్నారు. కానీ వాళ్లని కొలిచే గజంబద్దే మననీ కొలుస్తోంది. ఇక మన డెల్టాలోకి వద్దాం.

1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాక డెల్టా వరి సముద్రమైంది. వరి పెరిగిన చోట ఎలుక పెరిగింది. పొట్ట దశలో చేనులోకి ఎలుక దిగితే రైతు గుండె జారుతుంది. అప్పుడు యానాదికి కబురు వస్తుంది. గట్టు మీద పది కన్నాలుంటే ఏ కన్నంలో ఎలుక ఉందో, ఏది పాతదో, ఎటునుంచి తప్పించుకుంటుందో మట్టి తడి చూసి చెప్తాడు. కుండకి అడుగున చిల్లి పెట్టి, లోపల గడ్డి రాజేసి, మూతిని కలుగుకి ఆనించి, చిల్లిలోంచి నోటితో ఊదుతాడు. పొగ కలుగులోకి పోవాలి, కొంత అతని ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. కళ్లు మండుతాయి, పెదాలు కాలుతాయి. విషపు ఎరలు వాడితే నీళ్లూ పక్షులూ చెడతాయి, యానాది వాడేది పొగా చేతులూ మాత్రమే. ఇవాళ్టి భాషలో దీన్ని పర్యావరణ హితమైన సస్యరక్షణ అంటారు. యూనివర్సిటీలో ఎవరైనా దీని మీద థీసిస్ రాస్తే డాక్టరేటు ఇస్తారు. చేసినవాడికి తోకలు లెక్కపెట్టి కూలి ఇస్తారు. ఇచ్చి, వాడి పిల్లాడు బడికి వస్తే ఎలుకలోడు అని పిలుస్తారు.

తమిళనాడులో ఇరుళర్ల కోసం నోటితో ఊదే అవసరం లేకుండా చేత్తో తిప్పే యంత్రం తయారు చేశారు. మన గట్ల మీద ఇంకా కుండే ఊదుతున్నారంటే, పొలంలో దిగుబడి లెక్క ఉంది గానీ యానాది ఊపిరి లెక్క ఎవరి దగ్గరా లేదని అర్థం.

ఎలుక వెనకే పాము. 2018 ఆగస్టులో దివిసీమలో పాము కాట్లు విపరీతంగా పెరిగాయి. మోపిదేవి, అవనిగడ్డ, ఘంటసాల చుట్టుపక్కల రైతులూ కూలీలూ చేలోకి దిగడానికి భయపడ్డారు. ఆసుపత్రులకి జనం బారులు తీరారు. అప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో దేవాదాయ శాఖ తరపున సర్పశాంతి హోమం చేయించారు. దేవుణ్ణి మొక్కేవాళ్లని నేను తప్పుపట్టను, మా ఇళ్లలోనూ మొక్కులున్నాయి. నేను అడిగేది సర్కారుని. హోమం చేయడానికి ఎవర్ని పిలవాలో సర్కారుకి తెలిసింది. ఏ వానకి ఏ పాము గట్టెక్కుతుందో, ఏది కట్లపామో, ఏది విషం లేని నీరుకట్టో చూపు దూరంలో చెప్పగల మనుషులు అదే దివిసీమ కాలువ గట్ల మీద గుడిసెల్లో ఉన్నారు. ఊరూరా తిరిగి నేర్పమని వాళ్లకి నెల జీతమిచ్చి గుర్తింపు కార్డు ఇవ్వాలని మాత్రం తోచలేదు.

ఇది చిన్న విషయం కాదు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది పల్లెల్లో పొలం పని చేసేవాళ్లే. 2030 నాటికి ఈ చావులని సగానికి తగ్గించాలని 2024 మార్చిలో కేంద్రం ఒక కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. మంచిదే. ఆ సగాన్ని తగ్గించే చేతులు ఎవరివి?

సమాధానం పక్క రాష్ట్రంలో ఉంది. ఇరుళర్లు మనకి దగ్గరి బంధువుల్లాంటి వాళ్లు. ఒకప్పుడు వాళ్లు పాము చర్మాలు అమ్మి బతికేవాళ్లు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది, తర్వాత చర్మాల ఎగుమతి ఆగిపోయింది, పొయ్యి ఆరిపోయింది. 1978లో మామల్లపురం దగ్గర వడనెమ్మెలిలో పాములు పట్టే ఇరుళర్ల సహకార సంఘం పెట్టారు. సర్కారు అనుమతితో లెక్క ప్రకారం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర పడతారు. విషం తీసి, పాముని మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే దేశంలో విరుగుడు మందు తయారవుతుంది. అంటే మోపిదేవిలో కాటు తిన్న రైతు నరంలోకి ఎక్కే మందు వెనక ఒక ఇరుళర్ చేయి ఉంది. 2017లో అమెరికాలోని ఫ్లోరిడా వాళ్లు, తమ చిత్తడి అడవుల్ని మింగేస్తున్న బర్మా కొండచిలువల్ని పట్టలేక, మాసి సడైయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళర్లని పిలిపించుకున్నారు. రెండు వారాల లోపే 13 కొండచిలువల్ని పట్టించారు. 2023లో ఆ ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ రాకముందు రోజు కూడా వాళ్లకి అంతే తెలుసు. మారింది చూసేవాళ్ల కన్ను.

ఇంకో మాట. విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని, ఒకచోటి పాము విషంతో చేసిన మందు ఇంకోచోటి కాటుకి అంత బాగా పనిచేయకపోవచ్చని శాస్త్రవేత్తలే చెప్తున్నారు. వేర్వేరు ప్రాంతాల్లో విషం సేకరించాలని కోరుతున్నారు. అలాంటప్పుడు కృష్ణా డెల్టాలో యానాదుల సహకార సంఘం ఎందుకు ఉండకూడదు? అనుమతి లేకుండా పాముని పడితే నేరం అని మనకి చెప్పడం సర్కారుకి వచ్చు. అనుమతి ఇవ్వడమూ సర్కారు చేతిలోనే ఉంది కదా.

గిరిజనుడి తెలివి తెలివిగా కనపడకపోవడానికి పాత చరిత్ర ఉంది. జూల చరిత్రలోనే ఉంది. 1906లో న్యూయార్కు బ్రాంక్స్ జూలో ఒటా బెంగా అనే కాంగో ఆదివాసీ యువకుణ్ణి కోతుల భవనంలో పెట్టి జనానికి చూపించారు. వేలమంది మనుషులు వచ్చి నవ్విపోయారు. అతను 1916లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ జూ నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో. అమెరికా దాకా ఎందుకు, అండమాన్‌లో జరవా ఆడవాళ్లని తిండి ఆశ చూపి రోడ్డు మీద ఆడించిన వీడియో 2012లో బయటికొచ్చింది. మన తీరం చూడండి. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికి తెచ్చి, బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలని సెటిల్‌మెంటులో పెట్టి హాజరు పట్టీ రాశారు. ఆ చట్టం పోయింది 1952లో. బోనులో పెట్టి చూపించినా, సెటిల్‌మెంటులో పెట్టి లెక్కపెట్టినా వెనకున్న ఆలోచన ఒకటే. ఆదివాసీ చూడబడేవాడు, చూసేవాడు కాడు. వాడి గురించి ఇతరులకి తెలియాలి, వాడికి తెలిసింది ఏమీ ఉండదు. కీపరుకి బోర్డు మీద చోటు లేకపోవడం, యానాదికి వ్యవసాయ శాఖ సమావేశంలో కుర్చీ లేకపోవడం ఆ ఆలోచన తోకలే.

2023 మార్చిలో ముదుమలై ఏనుగుల శిబిరంలో పనిచేసే బొమ్మన్, బెల్లి అనే కాట్టునాయకన్ దంపతుల మీద తీసిన చిన్న సినిమాకి ఆస్కార్ వచ్చింది. అనాథ ఏనుగు పిల్లలని వాళ్లు సాకిన తీరు ప్రపంచమంతా చూసి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత అదే ఏడు తమిళనాడు సర్కారు బెల్లిని ఆ శిబిరంలో తొలి మహిళా కావడిగా నియమించింది. సంతోషం. కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఏనుగు పిల్లకి పాలు పట్టినప్పుడు రాని ఉద్యోగం, కెమెరా వచ్చి వెళ్లాక వచ్చింది. ఆస్కార్ ఇంటింటికీ రాదు. మన హక్కు సినిమావాళ్ల దయ మీద ఆధారపడకూడదు.

ఇక మనలోంచే వచ్చే ఎదురు ప్రశ్నలకి జవాబు చెప్పాలి.

చదువుకున్న మన తమ్ముడు ఒకడు అడుగుతాడు. అన్నా, ఇంత చదివించింది మళ్లీ పాముల దగ్గరికీ పులుల పెంట దగ్గరికీ పంపడానికా? మా నాన్న ఊదిన కుండ నేనూ ఊదాలా? అతని కోపం న్యాయమైనది. నా జవాబు ఇది. ఎవరూ ఊదనక్కర్లేదు. ఆ కుండ ఇవాళే పగలాలి. కానీ కుండతో పాటు, ఏ కన్నంలో ఎలుక ఉందో చెప్పే చూపుని కూడా పారేసుకుంటే నష్టం మనకే. ఆ చూపుని రేపు ఎవరో పుస్తకంలో రాసి మనకే పాఠం చెప్తారు. నువ్వు పశువైద్యుడివి కావాలి, క్యూరేటరువి కావాలి. మీ నాన్నకి తెలిసింది తెలిసిన క్యూరేటరువి కావాలి.

ఇంకొకరు అంటారు. జూ అంటేనే జైలు, అడవి బిడ్డలు జైలు వైపు ఎలా మాట్లాడతారు? జూ ఉండాలా వద్దా అనే చర్చ జరగాల్సిందే, దానికి భయపడను. కానీ పుట్టినప్పటి నుంచీ బోనులో పెరిగిన జంతువులని ఇవాళ తలుపు తీసి అడవిలో వదిలితే బతకవు. అవి ఉన్నంతకాలం వాటికి మనిషి కావాలి. ఆ మనిషికి న్యాయం జరగాలని అడగడానికి జూని మెచ్చుకోనక్కర్లేదు.

మూడో మాట చాలా మంచివాళ్ల నోటినుంచి వస్తుంది, అందుకే ఎక్కువ ప్రమాదం. మీ వాళ్లకి జంతువులంటే రక్తంలోనే ఉంటుందండీ, అంటారు. ఉండదండీ. రక్తంలో ఉండేది రక్తమే. చిన్నప్పుడు తండ్రి వెనక గట్టు మీద నడిచి, తప్పు కన్నంలో చెయ్యి పెట్టబోతే దెబ్బ తిని, వందసార్లు చూసి నేర్చుకున్నది ఇది. డాక్టరు ఐదేళ్లు చదివి నేర్చుకుంటే అది రక్తంలో ఉందని ఎవరూ అనరు, జీతం ఇస్తారు. మనది రక్తంలో ఉందంటే జీతం ఇవ్వనక్కర్లేదు. పొగడ్తలో దాగిన ఎగవేత ఇది. అలాగే మన వాళ్లకీ ఒక మాట చెప్పాలి. పాము కరిస్తే పసరు మందుతో ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. మన జ్ఞానానికి గౌరవం కోరేటప్పుడు దాని హద్దు కూడా మనమే చెప్పాలి.

మరి ఏం అడగాలి?

ఒకటి, జూ కీపరు ఉద్యోగానికి మెట్లు కావాలి. పదేళ్ల అనుభవానికి ఒక హోదా, ఇరవై ఏళ్లకి ఇంకో హోదా, కొత్తవాళ్లకి నేర్పే బాధ్యత, దానికి వేరే జీతం. ప్రమాదకర జంతువుల దగ్గర ఒంటరి పని నిషేధించాలి. ఆ పనిని పొరుగు సేవల కింద పెట్టడం మానాలి. ప్రతి బోను బోర్డు మీద కీపరు పేరు రాయాలి.

రెండు, దివిసీమ కేంద్రంగా యానాదుల పాముల సంఘానికి అనుమతి, శిక్షణ, పనిముట్లు, బీమా ఇవ్వాలి. ఎలుకల నివారణ పనిని వ్యవసాయ శాఖ నేరుగా యానాది సంఘాలకే ఒప్పందం మీద ఇవ్వాలి, పొగ యంత్రాలు ఇవ్వాలి.

మూడు, అటవీ శాఖ ఉద్యోగాల పరీక్ష మారాలి. బీటు అధికారి కావాలంటే ఇంటర్ చదువు, రాత పరీక్ష, తర్వాత నాలుగు గంటల్లో మగవాళ్లకి 25, ఆడవాళ్లకి 16 కిలోమీటర్ల నడక పరీక్ష ఉంటుంది. ఎంత దూరం నడవగలడో కొలుస్తున్నారు. నడుస్తూ నేల మీద ఏం చదవగలడో కొలవడం లేదు. అడుగుజాడ, పెంట, గోటి గీత చూసి జంతువుని చెప్పే పరీక్ష పెట్టి మార్కులు ఇవ్వండి. నల్లమల చెంచు కుర్రాడూ డెల్టా యానాది పిల్లా అప్పుడు ఎక్కడ నిలుస్తారో చూద్దాం.

నాలుగు, విజయవాడ పక్కనే గన్నవరంలో 1998 నుంచి పశువైద్య కళాశాల ఉంది. గిరిజనులకి ఆరు శాతం రిజర్వేషన్ ఉంది. కృష్ణా డెల్టా యానాది పిల్లలు ఎంతమంది ఆ గేటు దాటారు? దాటకపోతే ఎక్కడ ఆగిపోతున్నారు? మనం మైదాన ప్రాంత గిరిజనులం. ఏజెన్సీ చట్టాలు మనకి లేవు. కాలువ గట్టు మీద గుడిసెకి పట్టా ఉండదు, ఆ చిరునామాతో కులధ్రువీకరణ పత్రం కోసం తిరిగి తిరిగి చెప్పులరుగుతాయి. చేపల చెరువుల కాపలాకి కుటుంబం వెళ్తే పిల్లాడి బడి మధ్యలోనే ఆగిపోతుంది. ఆ పిల్లాడు ఇంటర్ బైపీసీ దాకా రావాలంటే పోరాటం ఐదో తరగతి దగ్గరే మొదలుకావాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఇక్కడ మీ పని ఉంది. ఆహారపు గొలుసు పాఠం చెప్పే రోజు గడ్డి, మిడత, కప్ప అని బోర్డు మీద రాసే ముందు, క్లాసులో యానాది పిల్లవాడు ఉంటే అడగండి. వరి, ఎలుక, పాము గురించి మీకు తెలియనిది వాడు నాలుగు మాటలు చెప్తాడు. వాళ్ల నాన్ననో అమ్మనో ఒక గంట బడికి పిలవండి. విషపాములూ విషం లేని పాములూ గుర్తుపట్టడం నేర్పమనండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి, వచ్చిన అతిథి పేరు హాజరు పుస్తకంలో రాయండి. ఎలుకలోడు అనే మాట ఆ బడిలో తర్వాత ఎంతకాలం బతుకుతుందో మీరే చూస్తారు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ పని కూడా ఈ వారంలోనే మొదలుపెట్టొచ్చు. మీ తాతలకి తెలిసిన పాముల పేర్లు, ఎలుకల పేర్లు, మడ అడవిలో చేపల పిల్లి తిరిగే తావులు, తాబేలు గుడ్లు పెట్టే కాలం ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎవరు చెప్పారో వాళ్ల పేరు పక్కనే రాయండి. ఈసారి విహారయాత్రకి జూకి వెళ్తే, పులి బోను దగ్గర ఫొటో దిగాక అక్కడ బక్కెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషిని పలకరించండి. ఎన్నేళ్లుగా చేస్తున్నారని, జీతం ఎంతని, మీ ఉద్యోగం పర్మినెంటేనా అని అడగండి. విన్నది రాసుకుని వచ్చి మన సంఘం మీటింగులో చదవండి. వచ్చే పుస్తకంలో అచ్చు వేద్దాం.